చప్పిడి ముక్కు మిక్స్ కుక్కలు: గురకను ముద్దుగా చూసి వదిలేయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బ్రూనోకి పద్నాలుగు నెలలు. తల్లి పగ్, తండ్రి బీగిల్ అని చెప్పి ఇచ్చారు. నిద్రలో గురక పక్క గదిలోకి వినిపిస్తుంది. వాకింగ్‌కి తీసుకెళ్తే పది నిమిషాలకే కూలబడతాడు. తిన్న కాసేపటికి తెల్లటి నురగ, ఒక్కోసారి తిన్నది తిన్నట్టే బయటికి వస్తుంది. వారం నుంచి ఎడమ కన్ను నీరు కారుతోంది. 'మిక్స్ కదా, ప్యూర్ బ్రీడ్‌కి వచ్చే జబ్బులు దీనికి రావు' అని ఇచ్చినవాళ్లు భరోసా ఇచ్చారు. ఇదంతా మామూలేనా, టెన్షన్ పడాలా, ఆపరేషన్ అవసరమవుతుందా అని మీ ప్రశ్న.

పెంపుడు జంతువుల వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. బ్రూనో లాంటి కుక్కల్ని తరచూ చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కన్ను సంగతి. నీరు కారడంతో పాటు కన్ను సగం మూసుకుంటున్నా, కాలితో రుద్దుకుంటున్నా, నల్లగుడ్డు మీద ఎక్కడైనా మసకగా, నీలంగా కనిపించినా మిగతాది తర్వాత చదవండి, ఇవాళే డాక్టర్‌కి చూపించండి. అవేవీ లేవంటే ఒకటి రెండు రోజుల్లో చూపించండి. ఎందుకో కింద చెప్తాను.

ఇక గురక, కూలబడటం, నురగ. మీరు వీటిని మూడు విడివిడి సమస్యలుగా రాశారు. నాకు మాత్రం మూడింటికీ మూలం ఒక్కటే అనిపిస్తోంది. బ్రూనోకి గాలి సరిగ్గా ఆడటం లేదు. చూడకుండా రోగం పేరు తేల్చి చెప్పలేను. కానీ చప్పిడి ముక్కు కుక్కలో ఈ మూడూ కలిసి కనిపించాయంటే ఏ డాక్టరైనా ముందు ముక్కు, గొంతే చూస్తారు.

ఆ 'మిక్స్ కాబట్టి రోగాలు రావు' అన్న మాట ఎంతవరకు నిజమో ముందు చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ ధైర్యంతోనే నెలల తరబడి ఆలస్యం చేస్తారు. కొన్ని జబ్బులు రావాలంటే పాడైన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. అలాంటి వాటిలో వేరే జాతితో కలిస్తే పిల్లలకి నిజంగానే మేలు జరుగుతుంది. అయితే ముఖం ఆకారం ఆ కోవలోకి రాదు. దాన్ని చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధన ఎస్‌ఎంఓసీ2 అనే జన్యువులోని ఒక మార్పుకీ కుక్కల మూతి కురచ కావడానికీ ఉన్న సంబంధాన్ని చూపించింది. కుక్కల మూతి పొడవులో కనిపించే తేడాలో 36 శాతం వరకు ఆ ఒక్క మార్పే కారణమని అందులో తేలింది. పగ్‌కీ పొడుగు మూతి కుక్కకీ పుట్టిన పిల్లల మూతి సాధారణంగా రెండింటికీ మధ్యస్తంగా ఉంటుంది. అయినా ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకదానికి చేటంత ముక్కు రంధ్రాలుండి, ఇంకోదానికి గీతల్లాంటి రంధ్రాలు ఉండొచ్చు. ఇక పగ్‌నీ ఫ్రెంచ్ బుల్‌డాగ్‌నీ కలిపినా, షిట్జునీ పెకినీస్‌నీ కలిపినా ముక్కు విషయంలో మిక్స్ వల్ల ఒరిగేదేమీ లేదు. రెండు వైపులా చప్పిడి ముక్కే కదా.

2024లో బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు కాకపూ, లాబ్రడూడుల్, కావపూ అనే మూడు మిక్స్‌లని వాటి తల్లిదండ్రుల జాతులతో పోల్చి 57 రకాల ఆరోగ్య సమస్యలు పరిశీలించారు. 86 శాతానికి పైగా పోలికల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అవి పూడుల్‌తో కలిపినవి, బ్రూనో లాంటివి కావు. అయినా 'మిక్స్ అంటే ఆరోగ్యం' అన్న నమ్మకం ఎంత డొల్లో దీన్ని బట్టి అర్థమవుతుంది. అందుకే నేను కుక్క యజమానుల్ని జాతి పేరు అడిగి ఊరుకోను. ఈ కుక్కకి ఏ భాగం ఎటు నుంచి వచ్చింది, అది ఎలా పని చేస్తోంది అన్నదే చూస్తాను. మీరూ బ్రూనోని అలాగే చూడండి.

చప్పిడి ముఖం ఉన్న కుక్కలో జరిగేది ఏమిటంటే, ముఖపు ఎముక కురచైంది గానీ లోపల ఉండే మెత్తటి కండ అంతగా కురచ కాలేదు. పెద్ద పరుపుని చిన్న పెట్టెలో కుక్కినట్టు అంతా ఇరుకున పడి ఉంటుంది. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి. ముక్కు లోపలి ఎముక పొరలు గాలి దారికి అడ్డంగా పెరుగుతాయి. మెత్తటి అంగిలి పొడుగ్గా, మందంగా వెనక్కి వేలాడి ప్రతి ఊపిరికీ శ్వాసనాళం నోటికి అడ్డం పడుతుంది. నాలుక లావు. కొన్నిటికి శ్వాసనాళమే పుట్టుకతో సన్నం. ఇంత ఇరుకులోంచి గాలి లాగడానికి కుక్క రోజంతా బలం పెట్టాలి. ఆ లాగుడుకి గొంతులోని చిన్న సంచుల్లాంటి పొరలు బయటికి తిరగబడతాయి, కండ వాస్తుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. అలా ఏళ్లు గడిస్తే స్వరపేటిక మృదులాస్థి బలం కోల్పోయి లోపలికి కుంగిపోతుంది. అక్కడిదాకా వెళ్లాక వైద్యం చాలా కష్టం. డాక్టర్లు దీన్ని పొట్టిగా 'బోయాస్' అంటారు. పేరు గుర్తు లేకపోయినా పర్వాలేదు గానీ వయసుతో పాటు ఇది ముదురుతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. చిన్నప్పుడు గురకతో సరిపెట్టుకున్న కుక్కే నాలుగైదేళ్లు వచ్చేసరికి మెట్లెక్కలేక ఆగిపోవచ్చు.

ఇప్పుడు బ్రూనోని మంచి వెలుతురులో, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని ముక్కు చూడండి. మూతి పట్టుకోవద్దు, మీ ముఖం దాని ముఖానికి సమానంగా తెచ్చుకుంటే చాలు. ఆరోగ్యమైన ముక్కు రంధ్రం గుండ్రంగా తెరుచుకుని ఉంటుంది, బయటి అంచు కొద్దిగా పక్కకి తిరిగి ఉంటుంది. ఇరుకు ముక్కులో అది నిలువు గీతలా కనిపిస్తుంది. ఇంకో విషయం గమనించండి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఆ పక్క రెక్క ఏం చేస్తోంది? కొద్దిగా విచ్చుకోవాలి. పీల్చిన ప్రతిసారీ లోపలికి అతుక్కుని గీత ఇంకా సన్నబడుతుంటే ఆ ముక్కు ఉండీ లేనట్టే. దూదిలోంచి ఒక్క పోగు లాగి, ముక్కుకి తగలకుండా ఒక రంధ్రం ముందు పట్టుకోండి, తర్వాత రెండోదాని ముందు. రెండు వైపులా పోగు సమానంగా కదలాలి. ఒకవైపు కదలకుండా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

మూతి పొడవు కూడా కొలవొచ్చు. మెత్తటి టేపుతో ముక్కు చివర నుంచి రెండు కళ్ల మధ్య నుదురు లేచే చోటు దాకా ఒక కొలత, అక్కడి నుంచి తల వెనక తగిలే ఎముక బొడిపె దాకా ఇంకో కొలత తీసుకోండి. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, మొదటి కొలత రెండోదానిలో సగం కంటే తక్కువున్న కుక్కల్లోనే ఈ శ్వాస జబ్బు కనిపించింది. మూతి ఎంత కురచైతే ప్రమాదం అంత వేగంగా పెరిగింది. అలాగని సగం కంటే తక్కువున్న ప్రతి కుక్కకీ జబ్బు ఉంటుందని కాదు. బీగిల్ మూతి వచ్చి ఉంటే బ్రూనో అదృష్టవంతుడు, కొలిచి చూడండి.

తర్వాత నిద్ర. గాఢనిద్రలో పది నిమిషాలు వీడియో తీయండి. తల ఎత్తి దేని మీదో ఆనించి పడుకుంటున్నాడా, కూర్చునే కునుకు తీస్తున్నాడా, నోట్లో బొమ్మ పెట్టుకుని నిద్రపోతున్నాడా చూడండి. ఆ బొమ్మ సంగతి చూసి చాలామంది మురిసిపోయి ఫొటోలు తీస్తారు. నోరు మూసుకుంటే గాలి అందదు కాబట్టి తెరిచి ఉంచుకోవడానికి ఆ కుక్క పట్టుకున్న ఊతం అది. గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దమై, తర్వాత ఉలిక్కిపడి లేస్తున్నాడంటే నిద్రలో శ్వాస ఆగుతోందన్నమాట. మనుషుల్లో వచ్చే స్లీప్ ఆప్నియాని అర్థం చేసుకోవడానికి 1980లలో పరిశోధకులు ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లనే ఎంచుకున్నారు, ఈ కుక్కల్లో అది అంత సహజంగా కనిపిస్తుంది. ఇలా నిద్ర చెడిన కుక్క పగలంతా మందకొడిగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమనుకుంటారు.

వాకింగ్ విషయానికొస్తే, చల్లటి వేళలో మూడు నిమిషాలు చురుగ్గా, పరుగుకి కొద్దిగా తక్కువ వేగంలో నడిపించి చూడండి. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ల కోసం తయారు చేసిన పరీక్ష సరిగ్గా ఇదే. నడకకి ముందొకసారి, తర్వాతొకసారి డాక్టర్ గొంతు మీద స్టెతస్కోప్ పెట్టి వింటారు. ఏ శబ్దమూ లేకపోతే 0, శబ్దం ఉన్నా ఇబ్బంది లేకపోతే 1, ఇబ్బంది పడుతుంటే 2, తీవ్రమైతే 3 గ్రేడ్. ఇంట్లో మీరు చూడాల్సింది ఇది: మూడు నిమిషాలు ఆగకుండా నడవగలిగాడా, ఆపాక ఎంతసేపటికి ఊపిరి మామూలైంది, నాలుక గులాబీ రంగులోనే ఉందా, నీలం తిరిగిందా. నడుస్తుండగానే గొంతులో గరగర మొదలైతే అక్కడే ఆపేయండి. పది నిమిషాలకే కూలబడతాడని మీరు ఇప్పటికే రాశారు కాబట్టి అసలీ పరీక్ష ఇంట్లో కాకుండా క్లినిక్‌లో చేయిస్తేనే మంచిది.

ఈ శబ్దాలన్నిటికీ 'ఈ జాతి అంతే' అని సమాధానం చెప్పుకోవడం లోకం తీరు. 2012లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలనలో, ఇబ్బంది లక్షణాలు స్పష్టంగా ఉన్న కుక్కల యజమానుల్లో 58 శాతం మంది తమ కుక్కకి శ్వాస సమస్యే లేదన్నారు. ప్రేమ లేక కాదు, పుట్టినప్పటి నుంచి విన్న శబ్దం కాబట్టి చెవికి అలవాటైపోతుంది. మీరు అడిగారు, అదే మంచిదైంది.

ఒక్క శబ్దం గురించి మాత్రం కంగారు వద్దు. కుక్క ఉన్నట్టుండి మెడ చాచి, మోచేతులు బయటికి తిప్పి నిలబడి, ముక్కుతో గాలిని లోపలికి గుర్రు గుర్రుమని లాగుతుంది. చూసేవాళ్లకి ప్రాణం పోతోందనిపిస్తుంది. సాధారణంగా నిమిషంలోపే ఆగి, ఏమీ జరగనట్టు తోక ఊపుకుంటూ పోతుంది. దీన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు, తుమ్ము లోపలికి వచ్చినట్టు. గొంతు మీద మెల్లగా నిమిరితే చాలు. రోజూ పలుమార్లు వస్తుంటే అప్పుడు చూపించండి.

నురగ, తిన్నది బయటికి రావడం. ఇందులో ఒక తేడా గమనించాలి. వాంతి అయితే పొట్ట ఎగదన్నుతుంది, కుక్క ఓ అని కక్కుతుంది. పొట్ట కదలకుండా, తల వంచగానే తిన్నది జారి పడిపోతే అది వాంతి కాదు, ఆహారనాళం నుంచే వెనక్కి వచ్చింది. ఇరుకు గొంతులోంచి బలంగా గాలి లాగినప్పుడల్లా ఛాతీలో పుట్టే ఒత్తిడి కడుపు పైభాగాన్ని పైకి గుంజుతుంది, ఆమ్లం ఆహారనాళంలోకి వస్తుంది, అక్కడ మంట పుడుతుంది. శ్వాస దారి బాగుచేశాక చాలా కుక్కల్లో ఇది కూడా తగ్గుతుంది. ఈలోగా తిండి చిన్న భాగాలుగా చేసి ఎక్కువసార్లు పెట్టండి, గబగబా మింగకుండా పళ్లెం మార్చండి, తినగానే ఆటలు వద్దు. వెనక్కి వచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కాబట్టి దగ్గు, జ్వరం, తిండి మానేయడం ఏది కనిపించినా ఆగకండి.

ఆపరేషన్ అవసరమా అని కూడా అడిగారు. గ్రేడ్ 2, 3 అయితే సాధారణంగా అవసరమే. ముక్కు రంధ్రాల అంచు నుంచి చిన్న ముక్క తీసి దారి వెడల్పు చేస్తారు, ఎక్కువైన అంగిలిని కురచ చేస్తారు, తిరగబడ్డ పొరలుంటే తీసేస్తారు. స్వరపేటిక కుంగకముందే చేయిస్తే ఫలితం బాగుంటుంది. బ్రూనో వయసు దానికి సరిపోతుంది. ఆపరేషన్‌తో పగ్ ముఖం బీగిల్ ముఖం అయిపోదు, కొంత శబ్దం మిగలొచ్చు. కానీ రాత్రి నిద్ర, నడక, తిండి మారతాయి. ఆపరేషన్ అయిన కుక్క మొదటిసారి నోరు మూసుకుని పక్కకి పడుకుని నిద్రపోతుంటే ఇంట్లోవాళ్లు భయపడి మాకు ఫోన్ చేసిన సందర్భాలున్నాయి. శబ్దం లేకపోయేసరికి ఊపిరి ఆడుతోందో లేదో అని.

మత్తు అంటే భయం సహజం. ఈ కుక్కల్లో అసలు ప్రమాదం మత్తు ఎక్కడానికి ముందు, మెలకువ వచ్చేటప్పుడు. అందుకే మత్తుకి ముందు కొద్ది నిమిషాలు మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తారా, గొంతులో ట్యూబ్‌ని కుక్క పూర్తిగా లేచి దాన్ని నమలబోయేదాకా ఉంచుతారా, ఆ తర్వాత కొన్ని గంటలు పక్కన మనిషి ఉంటారా అని అడగండి. ఇవి అడిగితే మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు. స్టెరిలైజేషన్ ఇంకా చేయించకపోతే అదే మత్తులో ముక్కు కూడా సరిచేయొచ్చేమో కనుక్కోండి.

ఇప్పుడు ఎండ. ఈ కుక్కల్ని ఒక్క పూటలో ప్రాణం మీదకు తెచ్చేది వేడే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, ముక్కు లోపలి తడి మీదుగా గాలి పంపి ఒళ్లు చల్లబరుచుకోవాలి. ఇరుకు ముక్కు కుక్క ఎంత రొప్పితే గొంతు అంత వాస్తుంది, వాచిన కొద్దీ చల్లబడలేదు, ఆ శ్రమకి ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. రొప్పు ఆగకపోవడం, చిక్కటి చొంగ, తూలడం, చిగుళ్లు ముదురు ఎరుపు లేదా నీలం కావడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. నీడకి తెచ్చి ఒంటి మీద, పొట్ట కింద, తొడల మధ్య నీళ్లు పోస్తూనే ఉండండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ముఖం మీద, ముక్కులోకి నీళ్లు పోనివ్వకండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది, కాబట్టి కప్పకండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. థర్మామీటర్ ఉంటే 39.5 దగ్గరకి రాగానే నీళ్లు ఆపి, తేరుకున్నట్టు కనిపించినా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కిడ్నీ, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు. ఆగి ఉన్న కారులో కిటికీ దించి ఉంచినా ఒక్క నిమిషం కూడా వదలకండి.

బరువు గురించి గట్టిగా చెప్పాలి. పగ్‌కీ బీగిల్‌కీ తిండి యావ ఎక్కువ, రెండూ సులువుగా లావెక్కుతాయి. ఛాతీ చుట్టూ, గొంతులో చేరిన కొవ్వు అసలే ఇరుకైన దారిని ఇంకా నొక్కుతుంది. పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి రాస్తే నొక్కకుండానే ఒక్కో ఎముకా తెలియాలి. పైనుంచి చూస్తే నడుం సన్నంగా కనిపించాలి. తెలియట్లేదంటే తిండి కొలిచి పెట్టండి, ఇంట్లో తలా ఒక ముక్క వేయడం ఆపించండి. గ్రేడ్ 1 దగ్గర ఉన్న కొన్ని కుక్కలకి బరువు తగ్గించడమే సగం వైద్యం. అలాగే మెడకి బెల్టు తీసేసి ఛాతీకి పట్టే హార్నెస్ వేయండి. మెడ మీద లాగుడు గొంతుకీ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు.

కంటికి ఎందుకు అంటారా? చప్పిడి ముఖంలో కంటి గుంట లోతు తక్కువ. గుడ్డు సగం బయటికే ఉంటుంది. కొన్ని కుక్కలకి నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూసుకోవు, నల్లగుడ్డు మధ్యభాగం ఎండిపోతుంది. ముక్కు మీది ముడత వెంట్రుకలు కంటికి గుచ్చుకుంటాయి. లోపలి మూల రెప్ప లోపలికి మడతపడి రాపిడి పెడుతుంది. పైగా చాలావాటికి నల్లగుడ్డుకి స్పర్శ తక్కువ, పుండు పడినా పెద్దగా బాధ చూపించవు. నల్లగుడ్డు పొర మందం అర మిల్లీమీటరు పైచిలుకే. సూక్ష్మజీవులు చేరితే ఒకటి రెండు రోజుల్లో అది కరిగి చిల్లు పడగలదు. మొదట తొందర పెట్టింది అందుకే.

డాక్టర్ చేసే పరీక్షలు చిన్నవే. కంటి అంచున సన్నటి కాగితపు పట్టీ నిమిషం పెట్టి కన్నీరు ఎంత ఊరుతోందో చూస్తారు. 15 మిల్లీమీటర్లు, ఆపైన తడిస్తే బాగున్నట్టు. పదికి తక్కువుంటే కన్ను పొడిబారే జబ్బని అనుమానిస్తారు. దానికి మందు సాధారణంగా జీవితాంతం వేయాలి గానీ వేస్తే చూపు నిలుస్తుంది. తర్వాత పసుపు నారింజ రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తారు, పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇంట్లో పాత చుక్కల మందు ఉంటే మాత్రం ముట్టుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉండి కంట్లో పుండు ఉంటే ఆ ఒక్క పొరపాటుకే కన్ను పోవచ్చు. పగ్ రక్తం ఉన్నవాటిలో లోపలి మూల నుంచి నల్లటి మచ్చ మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకడం కూడా చూస్తుంటాం. నొప్పి లేదని వదిలేస్తే చూపు కప్పేస్తుంది. బీగిల్ వైపు నుంచి చెర్రీ ఐ వచ్చే అవకాశం ఉంది, కంటి మూలలో ఎర్రటి గింజలా కండ పొడుచుకు వస్తుంది. దాన్ని కోసి తీసేయమని అడగకండి, లోపలికి సర్ది కుట్టించాలి. కన్నీటిలో మంచి భాగం ఆ గ్రంథి నుంచే వస్తుంది.

దెబ్బ తగిలో, పెద్ద కుక్క పట్టుకునో, ఒక్కోసారి మెడ గట్టిగా పట్టినా గుడ్డు రెప్పల బయటికి వచ్చేయగలదు. అలా జరిగితే లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. శుభ్రమైన సెలైన్‌తో తడిపిన గుడ్డ ఆనించి, రుద్దుకోకుండా పట్టుకుని వెంటనే బయల్దేరండి.

ముడతల సంగతి తేలిక. రోజూ వేలికి మెత్తటి తడిగుడ్డ చుట్టి ముక్కు మీది ముడత లోపల తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తడి లేకుండా తుడవండి. తుడవడం కంటే ఆరబెట్టడం ముఖ్యం. ఎర్రగా, పుల్లటి వాసనగా ఉంటే మందు కావాలి. తోక మెలి తిరిగి ఉంటే దాని కింద కూడా అంతే. చెవులు వారానికోసారి వాసన చూడండి, బీగిల్ చెవులు వేలాడుతుంటే లోపల గాలి ఆడదు.

పళ్లు చాలామంది మర్చిపోతారు. పెద్ద కుక్కైనా చప్పిడి కుక్కైనా పళ్లు 42. కురచ దవడలో అవి ఒకదానికొకటి అడ్డంగా, తిరగబడి మొలుస్తాయి, సందుల్లో పాచి చేరి చిగుళ్లు కుళ్లుతాయి. మిక్స్‌లలో పై దవడ ఒకరిది, కింది దవడ ఇంకొకరిది వచ్చి రెండూ కలవకపోవడం కూడా ఉంది. పద్నాలుగు నెలలకి పళ్లన్నీ వచ్చేసి ఉండాలి. లెక్క తగ్గితే ఎక్స్‌రే తీయించండి, చిగురులో ఇరుక్కుపోయిన పన్ను చుట్టూ నీటి సంచి ఏర్పడి దవడ ఎముకని తినేస్తుంది. ఇంట్లో రోజూ బ్రష్ చేయడం అలవాటు చేయండి, మనుషుల పేస్ట్ మాత్రం వద్దు.

వెన్నెముక దగ్గర మిక్స్ నమ్మకం మళ్లీ బోల్తా పడుతుంది. డాక్స్‌హండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్ లాంటి జాతుల్లో వెన్ను డిస్క్ చిన్న వయసులోనే గట్టిపడి జారడానికి ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకి ఉన్న ఒక అదనపు నకలు కారణం. ప్రమాదం పెరగడానికి అది తల్లి, తండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. పగ్ వైపు నుంచి పుట్టుకతో వంకర వెన్నుపూసలు రావచ్చు. సోఫా ఎక్కడానికి వెనకాడటం, ఎత్తుకుంటే కీచుమనడం, వెనక కాళ్లు తూలడం, పాదం మడతపడి ఈడవడం కనిపిస్తే గెంతులు ఆపించి అదే రోజు చూపించండి. వెనక కాళ్లు పూర్తిగా పడిపోతే ప్రతి గంటా విలువైనదే. నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి మూడు కాళ్ల మీద గెంతి మళ్లీ మామూలైపోతుంటే మోకాలి చిప్ప జారుతోందేమో చూడమనండి.

మిగతా జాతి జబ్బుల్లో రెండు మాటలు. పగ్ వారసత్వం ఉన్న కుక్క చిన్న వయసులోనే ఫిట్స్ తెచ్చుకున్నా, గుండ్రంగా తిరుగుతున్నా, గోడకి తల ఆనించి నిలబడ్డా మెదడు వాపు అనుమానించాలి. బీగిల్‌లలో మూర్ఛ కూడా ఉంది కాబట్టి పరీక్షలు చేస్తే గానీ ఏదో తేలదు. ఒంటి మీద ఏ చిన్న గడ్డ కనిపించినా 'కొవ్వు గడ్డే' అనుకోకుండా సూదితో నమూనా తీయించండి. పగ్, బాక్సర్, బోస్టన్ టెరియర్ రక్తంలో మాస్ట్ సెల్ గడ్డలు (చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్) ఎక్కువ. ఈ ప్రశ్న చదివే వేరేవాళ్ల కుక్కలో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి రక్తం ఉంటే ఏటా గుండె చప్పుడు వినిపించుకోండి.

బ్రూనోతో పిల్లలు పెట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. ఇరుకు ముక్కు పిల్లలకి వెళ్తుంది. ఇలాంటి మిక్స్‌లలో పిల్లల తల పెద్దదై తల్లికి కాన్పు కష్టమయ్యే అవకాశం కూడా ఎక్కువ.

ఇక మీరు చేయాల్సిన వరస. కన్ను ఒకటి రెండు రోజుల్లో. అదే విజిట్‌లో నిద్ర వీడియో, నడిచొచ్చాక తీసిన వీడియో, తిన్నది బయటికి వచ్చేటప్పటి వీడియో మూడూ డాక్టర్‌కి చూపించండి. క్లినిక్‌లో కుక్క భయంతో వేరేలా ఊపిరి తీస్తుంది, ఇంటి వీడియోలే ఎక్కువ చెప్తాయి. బరువు తూయించి ఎంత ఉండాలో రాయించుకోండి. నడకకి ముందూ తర్వాతా గొంతు విని గ్రేడ్ చెప్పమని అడగండి. ఆ డాక్టర్‌కి ముక్కు, అంగిలి ఆపరేషన్లు చేసే అలవాటు లేకపోతే చేసేవాళ్ల దగ్గరికి పంపమనండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఈలోపు నడక తెల్లవారుజామున, చిన్న చిన్నగా, హార్నెస్‌తోనే. నిద్రలో నాలుక నీలం తిరిగినా, కూర్చున్నచోటే పొట్ట ఎగరేస్తూ ఊపిరి లాగుతున్నా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. డాక్టర్ ఏ గ్రేడ్ అన్నారో, కంటి పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెప్తాను.